కళ్ళద్దాల తీర్మానం

చేతులు ఒక్కొక్కటే లేచాయి. ముందుగా డ్రిల్లు మాస్టారిది. ఆ తర్వాత ఒకటో తరగతి టీచరుది, లెక్కల టీచరుది, వెనక వరసలో వాళ్ళవి. చిట్టచివర, భుజం నొప్పి ఉన్నవాడి చెయ్యిలా, సగం దాకా లేచి ఆగిపోయింది సైన్సు మాస్టారి చెయ్యి.

"అయితే ఏకగ్రీవం," అన్నాడు చిన్నహెడ్డు. "బడి ఆవరణ మొత్తానికి సిమెంటు పలకలు. సెలవుల్లో పని మొదలు."

కిటికీ పక్కన ఆఖరి కుర్చీలో కూర్చున్న పెద్దమేడంకి చెవులు గింగురుమన్నాయి. ఆమె ఈ బడికి ప్రధానోపాధ్యాయురాలు. పెద్దమేడం అనేది పిల్లలు పెట్టిన పేరు, ఇప్పుడు టీచర్లూ అదే అంటారు. ఆమె తర్వాతి వాడు చిన్నహెడ్డు. సమావేశాలు నడిపే కుర్చీ ఆమె ఈ ఏడాది మొదట్లోనే అతనికి ఇచ్చేసి, తను వచ్చి ఈ మూల కూర్చుంది. కూర్చుని నోరు మెదపకుండా ఉండటం నేర్చుకుంటోంది. తన జీవితంలో అంత కష్టపడి నేర్చుకున్న విద్య మరొకటి లేదు.

ఆవరణ మట్టిది. కొంచెం వాలుగా ఉంటుంది. వానలకి ముందు పెద్ద తరగతుల పిల్లలు దాని నిండా చిన్న చిన్న కాలువలు తీస్తారు. బడి కప్పు మీద పడ్డ నీళ్ళు, నేల మీద పడ్డ నీళ్ళు ఆ కాలువల్లో నడిచి వెళ్ళి ప్రహరీగోడ పక్కన ఇంకుడు గుంటల్లో దిగుతాయి. ఆ గుంటలు లేనప్పుడు ఎండలు ముదిరాయంటే బడి కుళాయిలు గాలి కక్కేవి. పిల్లల్ని మధ్యాహ్నానికే ఇళ్ళకి పంపేవాళ్ళు. గుంటలు తవ్వాక బావి అడుగంటలేదు. ఈ సంగతి గదిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. అరగంట క్రితం సైన్సు మాస్టారు లేచి అదే చెప్పాడు. ఎంత బాగా చెప్పాడు! పలకలు పరిస్తే వాన అంతా వీధిలోకి పోతుందని, పైగా ఎండకి అవి పెనంలా కాలుతాయని చెబుతుంటే అందరూ తలలూపారు. లెక్కల టీచరైతే "నిజమే సుమా" అని పైకే అంది. ఆ తర్వాత ఏమైంది? మాట మధ్యలో అతను తడబడ్డాడు. పెద్దమేడం వైపు ఒక్కసారి చూశాడు. "అయినా... అందరి ఇష్టమూ ఎలా ఉంటే అలాగే," అని కూర్చుండిపోయాడు. ఆ మీదట చేతులు లేచాయి.

పూర్వ విద్యార్థులు ఉచితంగా వేయిస్తామన్న పలకలట. బడి ముఖం మారిపోతుందట. మారుతుంది, ఎందుకు మారదు. పళ్ళు ఊడిపోయిన ముఖానికి పూత పూసినట్టు.

ఆమె ఒక్క మాట అంటే చాలు, అప్పటికప్పుడు ఆగిపోయేది. అనలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని, సంచీ భుజానికి తగిలించుకుని బయటికి వచ్చేసింది.

అనకపోవడానికి కారణం పాత హెడ్మాస్టారు. ఆయన హయాంలో ఈ బడికి చదువుకునే పందిరి ఉండేది, మొక్కలు పెంచే మడి ఉండేది, పిల్లలు నడిపే గోడపత్రిక ఉండేది. ఆయన వెళ్ళిపోయాడు. ఎవరూ పందిరి పీకలేదు, మడి తొక్కలేదు. ఫలానా పని చెయ్యండని చెప్పేవాడి కోసం అందరూ ఎదురుచూశారు, అంతే. చూస్తూ చూస్తూ ఉండగానే పందిరి కింద విరిగిన బల్లలు చేరాయి. పూలకుండీలు గేటు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి పనికొచ్చాయి. ఆయన పేరు చెప్పి నిట్టూర్చడం మాత్రం ఎవరూ మానలేదు.

ఈ విద్యాసంవత్సరం అయిపోగానే పెద్దమేడం పై కార్యాలయానికి మారిపోతుంది. తన వెనక అలా జరగకూడదని ఆమె పట్టుపట్టింది. "ఈ ఏడంతా నేను ఏదీ నిర్ణయించను. మీరే నిర్ణయిస్తారు," అని మొదటి రోజే అందరికీ చెప్పింది. నిజంగానే వాళ్ళు నిర్ణయించారు. గ్రంథాలయం శనివారం కూడా తెరవాలన్నారు. గంట కొట్టే వేళలు మార్చారు. మార్కుల పట్టీలో పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చే గడి తీసేశారు. ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది. మొన్న హెడ్మాస్టర్ల సదస్సులో, బడుల్లో సుస్థిర అభివృద్ధి మీద మాట్లాడమంటే, వేదికెక్కి ఛాతీ విరుచుకుని మరీ చెప్పింది: "చెట్లు నాటడం గొప్ప కాదండీ. ఆ చెట్లు ఎవరి మాట మీద బతుకుతున్నాయో చూసుకోవాలి. మా టీచర్లకి నా అవసరం లేదు." చప్పట్లు కొట్టారు కూడా.

ఇంటికి వచ్చేసరికి ఆమెకి ఒళ్ళు మండిపోతోంది. అత్తగారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. భర్త బస్సు డిపోలో వేళలు చూసే ఉద్యోగి, రేపటి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఆమె సంచీని కుర్చీలోకి విసిరింది.

"ఒక్కడికి కూడా వెన్నెముక లేదు," అంది. "అరగంట సేపు మట్టి గొప్పదని తలూపారు. చివరికి సిమెంటుకి చెయ్యెత్తారు. ఎందుకెత్తారో వాళ్ళకే తెలీదు."

"నువ్వేమన్నావ్?" అన్నాడు భర్త.

"నేనేమీ అనలేదు. కుక్కిన పేనులా కూర్చున్నా."

"ఆ సుఖం మాకూ కాస్త రుచి చూపించొచ్చుగా."

"ఏమండీ, నాకు హాస్యాలు వద్దు."

అత్తగారు తల ఎత్తకుండానే అడిగింది. "కళ్ళద్దాలు తీశావా అమ్మాయ్?"

"ఏంటి అత్తయ్యా?"

"వాళ్ళు మట్టి గురించి మాట్లాడుతున్నప్పుడు, కళ్ళద్దాలు తీశావా అని."

ఆమె గుర్తు తెచ్చుకుంది. తీసింది. కొత్త కళ్ళద్దాలు, ముక్కు మీద రెండు పక్కలా నొక్కి పుండు చేస్తున్నాయి. సైన్సు మాస్టారు మాట్లాడుతుండగా నొప్పి పుట్టి, తీసి ఒళ్ళో పెట్టుకుని ముక్కు రుద్దుకుంది.

"తీశా. అయితే?"

తల్లీ కొడుకూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. భర్త ఇస్త్రీపెట్టె నిలబెట్టి నవ్వు ఆపుకుంటున్నాడు.

"నీకు నిజంగా తెలీదా?" అన్నాడు. "నువ్వు అద్దాలు తీశావంటే ఆ మాట ఇక అక్కడితో సరి. మనమ్మాయి కూడా చిన్నప్పుడు ఏదైనా కావాలంటే ముందు నీ ముక్కు వంక చూసేది. అద్దాలు ముక్కు మీదుంటే అడిగేది. చేతిలోకొచ్చాయంటే గదిలోకి పోయేది."

"నేను ఎప్పుడైనా కాదన్నానా?"

"కాదనే అవసరం నీకు ఎప్పుడొచ్చిందే తల్లీ," అంది అత్తగారు. "నా కాలంలో మేం నోటితో అరిచి చచ్చేవాళ్ళం. నువ్వు నాజూకుగా ముగించేస్తావ్."

ఆమె లోపలికి వెళ్ళి మొహం కడుక్కుంది. అద్దంలో ముక్కుకి రెండు వైపులా ఎర్రగా కమిలిన గుంటలు కనిపించాయి. ఛీ, అనుకుంది. ఎవరినో తెలీలేదు.

మర్నాడు మొదటి గంటకి ముందే సైన్సు మాస్టారిని ప్రయోగశాల గదిలో పట్టుకుంది. అతను గాజు నాళికలు తుడుస్తున్నాడు.

"నిన్న మాట మధ్యలో ఎందుకు ఆపేశారు?"

అతను నీళ్ళు నమిలాడు. "అంటే... మేడం మనసు మార్చుకున్నారని..."

"ఎలా తెలిసింది మీకు?"

అతని చూపు ఆమె ముక్కు మీదికి పోయి చటుక్కున పక్కకి తప్పుకుంది. ఇక అడగాల్సింది ఏమీ మిగల్లేదు. అయినా అడిగింది.

"గుంటలు తవ్వించిందే నేను కదా. నేను సిమెంటు కావాలంటానని ఎలా అనుకున్నారు?"

"మాకూ అంతుపట్టలేదు మేడం. పైనుంచి ఒత్తిడి వచ్చి ఉంటుందని చిన్నహెడ్డు గారు అన్నారు. మీరు నోరు విప్పి చెప్పలేక ఇబ్బంది పడుతున్నారని, మనమే అర్థం చేసుకోవాలని. తర్వాత అందరం చాలా బాధపడ్డాం, మీ గురించి."

"నా గురించా!"

"ఒకటో తరగతి టీచరైతే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు."

ఆమె స్టూలు మీద కూలబడింది. "గ్రంథాలయం సంగతి? గంటలు? మార్కుల పట్టీ?"

అతను నాళికని వెలుగుకేసి పట్టి చూస్తూ ఊరుకున్నాడు. ఊరుకోవడం కూడా ఎంత మర్యాదగా ఊరుకున్నాడు!

ఆ రోజంతా ఆమెకి ఏ పని మీదా చెయ్యి ఆడలేదు. ఏడాదిగా ఇంత కష్టపడి మూసుకున్న నోరు! మూలకి జరిపిన కుర్చీ! ఈ మహానుభావులు కుర్చీలు కాస్త వారగా తిప్పుకుని, ఆమె ముక్కుని చదువుతూ కూర్చున్నారన్నమాట. వాళ్ళ మీద అరికాలి మంట నెత్తికెక్కింది. పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, నలభైమంది పిల్లల్ని ఒక్క గదమాయింపుతో కూర్చోబెట్టేవాళ్ళు. ఒక మనిషి ముక్కు నొప్పికి తలవంచుతారా?

సాయంత్రానికి ఆ మంట దిశ మార్చుకుంది. గ్రంథాలయం రోజున ఎవరో శనివారం వద్దన్నప్పుడు తను ఏం చేసింది? కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడిచింది. మురికి పట్టాయా? గుర్తులేదు. మార్కుల పట్టీ రోజున లెక్కల టీచరు అడ్డు చెబుతుంటే మళ్ళీ తీసింది. ఏ ఒక్కసారీ కావాలని తీయలేదు, ప్రమాణం చేసి చెప్పగలదు. కానీ ఏ ఒక్కసారీ తనకి నచ్చిన మాట నడుస్తుండగా కూడా తీయలేదు. ఆమెకి తెలీకపోవచ్చు, చేతికి తెలుసు. నోటికి తాళం వేసి తాళంచెవి చేతికిచ్చింది, ఆ చెయ్యి దర్జాగా ఏడాదంతా అధికారం చెలాయించింది. నిన్న మొదటిసారి అది పొరపాటున, వట్టి నొప్పి వల్ల కదిలింది. దాని ఫలితం సిమెంటు.

ఇప్పుడు ఏం చెయ్యాలి? తీర్మానం కొట్టేస్తే ఆవరణ మిగులుతుంది. ఏడాది తర్వాత అదీ మిగలదు, చెప్పేవాళ్ళ కోసం ఎదురుచూస్తూ జనం మిగులుతారు. ఊరుకుంటే ఆవరణ ఇప్పుడే పోతుంది, అదీ ఎవరూ కోరుకోకుండా. ఏ వైపు తిరిగినా గోడే తగులుతోంది.

మరుసటి సమావేశంలో ఆమె మూల కుర్చీలో కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పేసింది. కొత్త అద్దాలు, ముక్కు మీద పుండు, దాచకుండా. మొదట డ్రిల్లు మాస్టారు ఫక్కున నవ్వాడు. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు. మిగతావాళ్ళు నవ్వొచ్చో లేదో తెలుసుకోవడానికి ఆమె ముఖం వంక చూశారు. అది చూసేసరికి ఆమెకి మళ్ళీ ఒళ్ళు మండింది.

"నన్ను చూడకండి! పలకల సంగతి మళ్ళీ మాట్లాడుకోండి, మళ్ళీ చేతులెత్తండి. నేను బయట కూర్చుంటాను."

"మీరు లేకుండా ఎలా మేడం?" అన్నాడు చిన్నహెడ్డు. అతని గొంతులో నిజమైన భయం ఉంది.

"వచ్చే ఏడాది ఎలాగో అలాగే."

కళ్ళద్దాలు తీసింది. గది కిక్కురుమనలేదు. వాటిని బల్ల మీద పెట్టింది. "కావాలంటే వీటిని అడగండి," అని బయటికి నడిచింది.

వరండా మెట్ల మీద కూర్చుంది. అద్దాలు లేకపోతే ఆమెకి దూరంలో ఏదీ ఆనదు. ఆవరణ గోధుమరంగు పొగమంచులా ఉంది. అందులో కాలువలు కనిపించలేదు గాని అవి ఎక్కడెక్కడ వంపు తిరుగుతాయో ఆమెకి చూడకుండానే తెలుసు. కాసేపటికి తలుపు కిర్రుమంది. లెక్కల టీచరు మంచినీళ్ళ కుండ దగ్గరికొచ్చి, గ్లాసు ముంచి, తాగకుండా ఆమె ముఖంలోకి ఓరగా చూసింది.

"దాహంగా ఉందా?" అంది పెద్దమేడం.

"కొంచెం మేడం."

"అయితే తాగండి." ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది. మనిషి వయసులో పెద్దదై, ఉద్యోగంలో పెద్దదై, దండన పడ్డ పిల్లలా గోడకేసి తిరిగి కూర్చోవలసి వచ్చింది. ఎవరి వల్ల?

లోపల చాలాసేపు గొణుగుడే వినిపించింది. ఆ తర్వాత ఉన్నట్టుండి ఒక గొంతు లేచింది. అది ఒకటో తరగతి టీచరు గొంతు. ఇన్నేళ్ళలో ఆమె బిగ్గరగా మాట్లాడగా ఎవరూ వినలేదు.

"మీకేం మాస్టారూ, మట్టి మంచిదని చెప్పి ప్రయోగశాలలో కూర్చుంటారు. వాన పడితే నా గదిలోకి ముప్పై జతల బురద కాళ్ళొస్తాయి. కడిగేది నేను. చాపలు ఉతికేది నేను. గేటు దగ్గర తల్లులు నిలేసేది నన్ను. ఒక్కరోజైనా ఒక్కరైనా అడిగారా, ఎలా ఉన్నావమ్మా అని?"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" సైన్సు మాస్టారు.

"ఎవరికి చెప్పమంటారు? ఆవిడ గుంటల గురించి మాట్లాడితే ఆవిడ ముఖం వెలిగిపోతుంది. ఆ ముఖం చూస్తూ ఎలా చెప్పను?"

పెద్దమేడం మెట్టు అంచుని గట్టిగా పట్టుకుంది. మొన్న ఆమె కోసం కళ్ళనీళ్ళు పెట్టుకున్నది ఈవిడే.

"పోయిన వానల్లో ఒక పిల్ల జారి మణికట్టు విరగ్గొట్టుకుంది, అదీ చెప్పుకోండి," అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"బావి ఎండిపోతే మీ డ్రిల్లయ్యాక పిల్లలు ఏం తాగుతారు? మీ ఈలా?" మళ్ళీ సైన్సు మాస్టారు.

"ఈల సంగతి ఎత్తకండి!"

"కుర్చీ కింద పెట్టండి, ముందు ఆ కుర్చీ కింద పెట్టండి!" ఇది చిన్నహెడ్డు. "ఒకరి తర్వాత ఒకరు! నేను నడుపుతున్నానా లేదా ఈ సమావేశం?"

అతను అలా అరవగలడని ఆమెకి తెలీదు. ఇదే కదా ఏడాదిగా ఆమె కోరుకున్నది. లోపలికి వెళ్ళి అందరి నోళ్ళూ మూయించాలని ఎంత గట్టిగా అనిపించిందంటే, లేచి తలుపు దాకా వెళ్ళింది. బురదకి ఉపాయముంది, గుమ్మం ముందు ఇసుక తొట్టి పెట్టి పక్కన కుళాయి వేస్తే సరి! ఒక్క మాట, ఒక్క నిమిషం పని. తలుపు తోసింది. సందులోంచి చిన్నహెడ్డు ముఖం కనిపించింది. ఎర్రగా, చెమటతో.

"ఇంకా అవలేదు మేడం. కాసేపు కూర్చోండి," అని తలుపు వేసేశాడు.

ఆమె ముఖం మీద తలుపు వేశాడు. తన బడిలో, తన తలుపు. ఆమె అక్కడే నిలబడిపోయి, వెనక్కి వచ్చి అదే మెట్టు మీద కూర్చుంది.

పిలిచేసరికి ఎండ వాలిపోయింది. చిన్నహెడ్డు నిలబడి చెప్పాడు. ఒక్క చెయ్యి తేడాతో, పలకలే. ఈసారి ఎవరూ ఆమె వంక చూడలేదు. డ్రిల్లు మాస్టారు, సైన్సు మాస్టారు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. ఒకటో తరగతి టీచరు పమిట చెంగుతో మెడ తుడుచుకుంటోంది. పెద్దమేడం కళ్ళద్దాలని ఎవరో ఒక పుస్తకాల దొంతర మీదికి జరిపేశారు. ఆమె పెట్టుకుంది. ముక్కు చురుక్కుమంది. గదిని ఒక్కసారి కలయజూసి, ఇంకేమీ తోచక, నెమ్మదిగా తీసింది. ఎవరికీ పట్టలేదు. లెక్కల టీచరు సంచీ సర్దుకుంటోంది. "బస్సు పోతుంది," అంటోంది పక్కావిడతో.

"సరే," అంది పెద్దమేడం. "మీ నిర్ణయమే." సంతకం చేసింది. చెయ్యి వణికింది. ఆ చెయ్యిని నమ్మడం ఎప్పుడో మానేసింది కాబట్టి దాని సంగతి పట్టించుకోలేదు.

గేటు దగ్గర సైన్సు మాస్టారు అడ్డం తగిలాడు. అతని ముఖం పీక్కుపోయి ఉంది.

"మేడం, ఇది అన్యాయం. ఒక్క చెయ్యి తేడా! మీరు ఒక్క మాట చెప్పండి, ఆగిపోతుంది."

ఆ ఒక్క మాట ఆమె నాలుక మీదే ఉంది. ఇసుక తొట్టి, కుళాయి కూడా ఉన్నాయి. మింగింది.

"పని సెలవుల్లో గాని మొదలవదు. ఈలోపు మళ్ళీ కూర్చుంటారుగా. మీరే మళ్ళీ ఎత్తండి."

"ఎత్తి? వాళ్ళు మారతారా?"

"ఒకటో తరగతి టీచరుతో మాట్లాడారా?"

"ఆవిడతోనా? నన్ను ఓడించిందే ఆవిడ కదా!"

"అందుకే."

అతను ఆమెని ఎగాదిగా చూశాడు. ఇన్నాళ్ళూ అతని కళ్ళలో ఉన్న గౌరవం పలచబడటం అద్దాలు లేకపోయినా ఆమెకి కనిపించింది, అతను అంత దగ్గరగా నిలబడ్డాడు. "గుంటలు తవ్వించినవారికే పట్టనప్పుడు నాకెందుకు మేడం ఈ తలనొప్పి," అని విసురుగా వెనక్కి తిరిగాడు.

అతను వరండా వైపు నడవడం ఆమెకి తెలిసింది. వరండా చివర ఒకటో తరగతి గది. గది ముందు ఎవరో చాప దులుపుతున్న చప్పుడు, ఆ తర్వాత ఆ చప్పుడు ఆగడం. రెండు మసక ఆకారాలు ఎదురెదురుగా నిలబడ్డాయి. ఒకటి చెయ్యి ఊపుతోంది. తిట్టుకుంటున్నారా, మాట్లాడుకుంటున్నారా? అతను తన సైకిలు కోసం అటు వెళ్ళి చిక్కుపడ్డాడా, కావాలనే వెళ్ళాడా? ఆమె చెయ్యి తనంతట తానే సంచీలోకి పోయి కళ్ళద్దాల పెట్టెని తడిమింది.

"నీకెందుకు?" అని ఆ చేతిని కసిరింది, పైకే. గేటు కాపలాదారు ఉలిక్కిపడి చూశాడు.

"మిమ్మల్ని కాదు," అంది. పెట్టెని సంచీ అడుక్కి తోసి, జిప్పు లాగి, ఎదురుగా వస్తున్న బస్సు మీద నంబరు కనపడక, అది తనదో కాదో అడగడానికి పక్కనున్న మనిషి వైపు తిరిగింది.